తొమ్మిది సైటేషన్ల మృగం

“నేరస్థులు రెండు రకాలు, క్లారక్కా. నేను పట్టుకున్నవాళ్ళు, నేను పట్టుకోబోయేవాళ్ళు!” అని బెన్‌హర్ ప్రకటించాడు. పెర్త్‌లోని ఒక యూనివర్సిటీలో అకౌంటింగ్ చదువుతూ, చర్చిలో పరిచయమైన క్లారాను అక్కా అని పిలిచే ఈ స్వయంప్రకటిత అపరాధ పరిశోధకుడు మొదటి రకంలోకి ఇంతవరకు ఒక్కరినీ చేర్చలేదు.

క్లారా అదే యూనివర్సిటీలో మెటీరియల్స్ కెమిస్ట్రీ పరిశోధక విద్యార్థిని. గాజు మీద సన్నని జింక్ ఆక్సైడ్ పొర పరచడం, అది పగిలితే ఎందుకు పగిలిందో రాయడం ఆమె పని. సోమవారం ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. “నీ పనిని బయట ఎవరు వాడుకుంటున్నారని అడుగుతారు,” అని ప్రొఫెసర్ హెచ్చరించాడు. ఆమె పేపర్లలో ఏముందో ఆయన ఎన్నడూ అడగలేదు, ఎన్నున్నాయో అడిగేవాడు.

గుంటూరు రోజుల్లో పి. క్లారా పేరుతో అచ్చయిన మూడు పేపర్లకు తొమ్మిది సైటేషన్లు వచ్చాయి. అంటే, ఎవరో తమ రచనల్లో వాటిని తొమ్మిదిసార్లు ఉదహరించారు. ఎవరన్నది ఆమె తెరిచి చూడలేదు. ఆశీర్వాదాన్ని ఎవరు తిరగేసి చూస్తారు? చూస్తే ఏమి కనబడుతుందోనన్న సన్నని భయం కూడా ఉంది. అందుకే ఆ పని బెన్‌హర్‌కు అప్పగించింది.

“తొమ్మిదీ ఒక్కడి పనే అక్కా! నువ్వు పగిలిందన్న చోటల్లా వాడూ పగిలిందన్నాడు. మూడేళ్ళుగా నిన్ను నీడలా వెంటాడుతున్నాడు!”

“పేరు చెప్పరా.”

“ఇప్పుడే బయటపెడితే కేసు పాడైపోద్ది. ప్రస్తుతానికి వాణ్ణి మృగం అందాం.”

క్లారా గుండె తేలికపడింది. మృగమైతేనేం, చదువుతున్నాడు. ఈ భూమ్మీద ఒక ప్రాణి తన పగుళ్ళ గురించి ఆలోచిస్తోంది.

“మీ ల్యాబ్‌లో చారల చొక్కా వేసుకునేవాళ్ళున్నారా?”

“నోవా వేసుకుంటాడు. ఏం?”

బెన్‌హర్ కళ్ళు సన్నగా చేశాడు.

మర్నాడు నోవా ఆమె దగ్గరికి వచ్చాడు. “క్లారా, మీ బెన్‌హర్, ఈజ్ హీ ఓకే? చెత్తడబ్బా వెనక నక్కి కూర్చున్నాడు. నా లంచ్‌బాక్స్ వాసన చూసి, ‘మాంసాహారి!’ అని తల ఊపాడు.”

ఆదివారం ప్రార్థన ముగిశాక, కానింగ్ వేల్‌లో రత్నరాజు అంకుల్ ఇంటి పెరట్లో బార్బీ, అంటే ఇక్కడివాళ్ళ భాషలో బార్బెక్యూ విందు. ఆయనదీ క్లారా వాళ్ళ ఊరే. అందరూ పళ్ళాలు పట్టుకోగానే బెన్‌హర్ ఐస్ పెట్టె మూతపైకి ఎక్కి నిలబడ్డాడు.

“ఎవరూ కదలొద్దు! మన క్లారక్కను వెంటాడే మృగం ముసుగు ఈ డిటెక్టివ్ తొలగిస్తున్నాడు. వాడి పేరు పులి—”

మూత ఫెళ్ళున విరిగింది.

“—హో!” అంటూ బెన్‌హర్ ఐసులోకి కూలబడ్డాడు.

అంకుల్ చెవికి అది ఆకలికేకలా వినబడింది. “పులిహోరా? ఆ టేబుల్ మీదుంది, పెట్టుకోరా. పులి వాళ్ళమ్మాయి చేసుకొచ్చింది.”

“పులి వాళ్ళమ్మాయెవరంకుల్?” మంచుముక్కల మధ్య నుంచి నీరసంగా ఒక గొంతు.

“క్లారాయేరా! వాళ్ళ ఇంటిపేరు పులి. వాళ్ళ తాత పులి జకరయ్య గారు నాకు లెక్కలు చెప్పారు.”

క్లారా చేతిలో గరిటె ఆగిపోయింది. గుంటూరులో ఇంటిపేరు ముందుండి, ఒక్క అక్షరంగా ఒదిగి, ఆమెను పి. క్లారాను చేసింది. ఇక్కడి వీసా కాగితాలు దాన్ని వెనక్కి నెట్టి క్లారా పులిని చేశాయి. పెర్త్‌లో రాసిన మూడు పేపర్ల మీదా సి. పులి అని పడింది. ఒక్కొక్క దానిలో పాత మూడింటినీ తానే ఉదహరించింది. నిన్ను నువ్వు తెలుసుకోమన్నారు పెద్దలు. తొమ్మిదిసార్లు ఉదహరించుకోమనలేదు.

“అయితే ఎవరూ చదవలేదన్నమాట,” అంది మెల్లగా.

“అదేంటక్కా, నేను చదివాగా! ఆరింటినీ, రెండేసిసార్లు.”

“అర్థమైందా?”

“అర్థమైతే నోవాని ఎందుకు అనుమానిస్తాను?”

క్లారా నవ్వింది. నవ్వుతూనే ఒక పళ్ళెం నిండా పులిహోర వడ్డించి, ఐసులో కూర్చున్నవాడికి అందించింది.

“రేపు ఇంటర్వ్యూలో అడిగితే, చదివినవాడు ఒక్కడున్నాడని చెబుతానురా.”

“నా పేరు చెప్తావా అక్కా?”

“ఇప్పుడే బయటపెడితే కేసు పాడైపోద్ది.”