మూడో పార్టిషన్

"ఇకమీదట ఈ నేల మీద పారేది రక్తం కాదు, డేటా!" అని మంత్రిగారు ప్రొద్దుటూరులో ప్రకటించినప్పుడు నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. ఉపాధ్యాయులందరం చప్పట్లు కొట్టాం. సభలో హాజరు తీసుకుంటారని ముందే చెప్పారు.

మంత్రిగారు తెప్పించిన సర్వరు ఒకటే. ఎర్రగుంట్ల నుంచి దానికి వచ్చే కేబులూ ఒకటే. జనన మరణాలు, భూములు, రేషను, అన్నీ అందులోనే. జమ్మలమడుగు వైపు పల్లెల వర్గానికి పెద్ద కుళ్లాయప్ప. పులివెందుల వైపు పల్లెల వర్గానికి పెద్ద చిన్నసుబ్బయ్య. ఒకరు టీ తాగిన అంగట్లో ఇంకొకరు మంచినీళ్లు కూడా ముట్టరు.

"వాని ఊర్లు పోయే వైరులో నా ఊర్లు పోవాల్నా? నరికేస్తా," అన్నాడు కుళ్లాయప్ప. ఏది నరుకుతాడో చెప్పలేదు. మామూలుగా ఆయన చెప్పడు.

సర్వరు పెట్టిన డేటా కేంద్రం ఇంజనీరు ఇక్బాల్ ఓపికగల మనిషి.

"కేబులు తగిలించే కార్డు ఒకటే అన్నా. దాన్ని లోపల్నే పార్టిషన్ చేస్తాం. నీకొక ఇంటర్‌ఫేస్, ఆయప్పకొక ఇంటర్‌ఫేస్, ఎవరి వాకిలి వాళ్లకు. సర్వరు లోపల నీకొక మెషిను, ఆయప్పకొక మెషిను. చేతితో పట్టుకుంటే ఏదీ ఉండదు. ఉన్నట్టే పని చేస్తాయి. నీ మెషినుకు ఆయప్ప మెషిను కనపడదు."

"కనపడకపోతే చాలదు. వాడు ఉండాడనేదే తెలియగూడదు."

"తెలీదన్నా."

"ఇంత సులువా? ఇన్నేండ్లూ పోలీసోళ్లకు ఈ తెలివి ఎందుకు రాలేదబ్బా?"

తరువాత కేబులులో ఎవరికెంత అని వంతుల పేచీ వచ్చింది. కాలువ నీళ్ల మాదిరి నూటికి అరవై తనకు వదలాలన్నాడు చిన్నసుబ్బయ్య. అది తెలిసి కుళ్లాయప్ప డెబ్బై అడిగాడు. ఇక్బాల్‌కు చెమటలు పట్టాయి. మంత్రిగారు మాత్రం చలించలేదు.

"ఇద్దరికీ నూరు ఇవ్వవయ్యా."

"గరిష్ఠం నూరు అని ఇద్దరికీ పెట్టొచ్చు సార్. కాకపోతే ఇద్దరూ ఒకేసారి వాడితే..."

"ఒకేసారి సంగతి తరువాత. మా మేనిఫెస్టో కూడా అంతే."

సర్వరున్న ఒకే గదికి రెండు తలుపులు పెట్టి, రెండు రిబ్బన్లు కట్టారు. రెండూ మంత్రిగారే కత్తిరించారు.

ఆ తరువాతి వారం పులివెందుల వైపు సింహాద్రిపురం దారిలో బాంబులు పడ్డాయి. మా మనోహర్ అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అతను బోరు మోటార్లు బాగుచేసేవాడు. మాకు ఒక్కడే కొడుకు. ఆ బాంబులు అతని కోసం వేసినవి కావని రెండు వర్గాలవారూ విడివిడిగా మనుషులను పంపి మాకు చెప్పారు. రెండు వర్గాలూ ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది అదే మొదలు.

మరణం ఆన్‌లైన్‌లో ఎక్కితేనే శవాన్ని అప్పగించాలని కొత్త ఉత్తర్వు. ఉత్తర్వులో భాషాదోషం ఒక్కటీ లేదు. నా భార్య రత్నమ్మ మార్చురీ మెట్ల మీద కూర్చుంది. నేను కేంద్రానికి వెళ్లాను.

పులివెందుల వైపు తలుపు దగ్గర గుమాస్తా తెర చూసి తల అడ్డంగా ఊపాడు. "పేరే లేదు అయ్యోరూ. ఈ పార్టిషన్‌లో పుట్టినోడే ఈడ సావాల. పుట్టనోడు ఎట్ల సస్తాడు?"

మనోహర్ పుట్టింది జమ్మలమడుగులో, వాళ్ల అమ్మమ్మ ఇంట్లో. రెండో తలుపు దగ్గరకు వెళ్లాను.

"మీవాడు ఈడ శానా బాగుండాడు సార్," అన్నాడు అక్కడి గుమాస్తా. "నిన్న రేషను చక్కెర కూడా తీసుకున్నాడు."

నేను ఇక్బాల్ దగ్గరకు వెళ్లాను.

రెండు పార్టిషన్లకూ మధ్య దారి తెరవాలంటే ఇద్దరు పెద్దలూ ఒప్పుకోవాలన్నాడు ఇక్బాల్. ఇద్దరినీ అడిగాను.

"నా దాంట్లో సచ్చినట్టు ఎక్కిస్తే, సంపింది నేనే అంటారు," అన్నాడు చిన్నసుబ్బయ్య.

కుళ్లాయప్ప ఇంకా మర్యాదగా మాట్లాడాడు. "నా దాంట్లోనోడు సచ్చినాడంటే నా మనిషి పోయినట్టు అయ్యోరూ. ఒకరు పోతే నేను ఇద్దర్ని తియ్యాల. అది పద్ధతి. ఇప్పుడు మీ మూలాన ఆ శ్రమ ఎందుకు?"

ఏ పార్టిషన్‌లోనూ ఒక్క ఫ్యాక్షన్ చావు కూడా నమోదు కాలేదని మంత్రిగారికి సన్మానం ఏర్పాటు చేశారు. నా తెలుగు బాగుంటుందని సన్మాన పత్రం నన్నే రాయమన్నారు. రాశాను. 'శాంతిదూత' అన్న మాట రెండుసార్లు పడింది, ఒకటి కొట్టివేశాను. వేదిక మీద చదివి, పత్రం చేతికిచ్చి, మా అబ్బాయి శవాన్ని ఇప్పించమని అడిగాను.

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. కెమెరా సర్దుకునేదాకా తుడుచుకోలేదు.

"ఈ మాత్రానికేనా? ఇక్బాల్, అయ్యవారికి ఒక పార్టిషన్ చేసి ఇవ్వు. ఆయనకూ నూరు!"

అలా మూడోది ఏర్పడింది. అందులో మనోహర్ పుట్టాడు. వెంటనే చనిపోయాడు. ఆ సాయంత్రమే మా చర్చి సమాధుల తోటలో పూడ్చాం.

మరునాడు తుపాకీతో ఒక పోలీసు బడికి వచ్చాడు. మూడో వర్గం నాయకుణ్ణి నేనే కాబట్టి రక్షణ కల్పించమన్నారట. నేను విభక్తులు చెబుతుంటే అతను తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ రోజు పిల్లలెవరూ తప్పు చెప్పలేదు.

ఆదివారం మా ఇంటి ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి కుళ్లాయప్ప, చిన్నసుబ్బయ్య ఇద్దరూ దిగారు. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. మంత్రిగారి కృషితో వర్గాలు ఏకమయ్యాయని పత్రికలు ఫోటోతో సహా వేశాయి.

"మీకూ నూరంట గదా అయ్యోరూ?" అన్నాడు చిన్నసుబ్బయ్య.

"అవును."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీ వర్గంలో ఎంతమంది?"

"ఒక్కడే."

"యాడుంటాడు?"

తీసుకెళ్లి చూపించాను. మట్టి ఇంకా ఆరలేదు. రత్నమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఇద్దరూ చెప్పులు విడిచి కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఒక్కడేనా?" అని కుళ్లాయప్ప గొంతు తగ్గించి అడిగాడు. "ఇంకా చేరేటోళ్లు ఎవరన్నా ఉండారా?"

"మీరు పంపిస్తాంటే వస్తాంటారప్పా," అంది రత్నమ్మ.

వెళ్లేటప్పుడు వాళ్లు చెరొక మనిషిని అక్కడ నిఘాకు ఉంచి వెళ్లారు. ఈనాటికీ తల వైపు ఒకడు, కాళ్ల వైపు ఒకడు కూర్చుంటారు. ఒకడి బీడీకి ఇంకొకడి అగ్గిపెట్టె. ఎండ ముదిరితే రత్నమ్మ ఇద్దరికీ ఒకే చెంబుతో నీళ్లు ఇస్తుంది.