గుమ్మమున చిక్కిన కార్యాలయము

వినుడు, సహృదయులారా, వినుడు! ప్రచండమార్తాండుడు నడినెత్తిన నిలిచి మేడలను పూరిళ్ళను ఏకరీతిని మాడ్చుచుండగా, ఒకానొక పట్టణపు ఇరుకువీధిలో, సున్నము రాలుచున్న అద్దెయింట, మునుపెన్నడును జరుగని, జరుగవలసిన అవసరమును లేని మహాసంగ్రామ మొకటి ప్రారంభమయ్యెను.

ఆ యింట నెలకొన్నది నడవలేనివారికి చక్రాల కుర్చీలను ఉచితముగా అరువిచ్చు సేవాసంఘము. దాని కార్యదర్శి రశీదుపుస్తకధారిణి, దాతృగృహఘంటికావాదిని, ఓటమి నెరుగనిది కాదు గాని ఒప్పుకొననిది. ఏమి లాభము! కుర్చీలన్నియు చక్రహీనములై గోడ కానుకొని యుండెను. కాళ్ళు పడిపోయిన టైలరు ఆ యుదయముననే ఫోను చేసి, "కుర్చీ వస్తే మళ్ళీ కొట్టు తెరుచుకుంటానమ్మా" అనగా, "ఈ నెల్లోనే వచ్చేస్తుందన్నా" అని నోటికి వచ్చినది చెప్పి, పిదప ఆమె మిక్కిలి సిగ్గుపడెను. మరమ్మతులకు దిక్కు ఒక్కటే, ప్రాంతీయ ధర్మనిధివారి గ్రాంటు.

కాని హా దైవమా! తమ ప్రాంతమున కార్యాలయము గల సంఘములకే అర్హత యని ఆ నిధివారి శాసనము. వారి పటములోని హద్దుగీత సరిగా ఆ యింటి నడిమిగోడ మీదుగా పోవుచుండెను. వంటగది ప్రాంతములోనిది, కార్యాలయపు బల్ల యున్న ముందుగది పరాయిది. తనిఖీకి అధికారి వచ్చుటయు ఆ మధ్యాహ్నమే.

అంతట నా వీరనారి నడుము బిగించి, సంఘకోశాధికారియు, తన మేనమామయు, మోకాళ్ళనొప్పులవాడును అగు వృద్ధునితో నిట్లు గర్జించెను:

"మావయ్యా! ఈ బల్ల వంటింట్లోకి వెళ్ళిందా, మనం గెలిచాం. వెళ్ళలేదా, సంఘానికి తాళం వేసి, తాళంచెవి ఇంటాయన మొహాన కొట్టి పోదాం. పట్టు!"

"పడతానే తల్లీ, ముందు నా నడుమెక్కడుందో వెతుక్కోనీ."

ఆమె ముందునుండి లాగ, అతడు వెనుకనుండి త్రోయ, చతుష్పాదియు దారుమదగజమును అగు ఆ బల్ల నేలను గీరి, గోడను చెక్కి, ఇరుగుపొరుగుల కునుకు చెడగొట్టి, ఘీంకరించుచు కదలి, వంటింటి గుమ్మమున సగము దూరి, ఇక బ్రహ్మదేవుడు వచ్చినను కదలనని భీష్మించుకొనెను. పక్కకు వంచి చూచిరి; వంగలేదు. నూనె పూసిరి, జారినది మేనమామయే. వంటింటికి వేరొక ద్వారము లేదు గనుక కార్యదర్శి లోపల బందీ యయ్యెను.

సరిగా అప్పుడే అధికారి విచ్చేసెను.

"ఆఫీసెక్కడండీ?"

"గుమ్మంలో ఉంది సార్," అనెను మేనమామ నేలమీదనుండియే. "సగం అటు, సగం ఇటు. సగం అర్హతేమైనా ఇస్తారా?"

"మా రూల్సులో సగాలు లేవండీ."

టైలరునకు ఏ మొహముతో చెప్పవలెను? దుఃఖము పొంగి వచ్చి, బల్లమీదుగా నామె యిట్లనెను:

"సార్, గీతకి అటువాళ్ళకీ ఇచ్చాం, ఇటువాళ్ళకీ ఇచ్చాం. నడవలేనివాణ్ణి నువ్వెటువైపని మేమెప్పుడూ అడగలేదు. అడుగుతున్నది మీరొక్కళ్ళే."

అధికారి రూల్సు తిరగవేసెను. వంగి బల్లను ఈ కొసనుండి ఆ కొసకు పరికించెను.

"డ్రాయరు ఎటు తెరుచుకుంటుంది మేడమ్?"

ఆమె లాగెను. డ్రాయరు కిర్రుమని వంటింటిలోనికే తెరుచుకొని ఆమె మోకాలికి తగిలెను.

"సంఘం ముద్ర అందులోనేనా?"

"అమ్మా... అందులోనే సార్!"

"ముద్ర ఉన్నచోటే ఆఫీసని రూలుంది. మీరు అర్హులే," అని యాతడు సంతకము గీకెను.

మేనమామ లేచి కూర్చుండెను. "ఐతే డబ్బెప్పుడిస్తారు సార్?"

"డబ్బా? ఇది దరఖాస్తు పెట్టుకోడానికి అర్హతండీ. ఇదిగో ఫారం. ఇచ్చేదీ లేనిదీ కమిటీ చూసుకుంటుంది."

"బావుంది! ఆలు లేదు, చూలు లేదు..." అని మేనమామ గొణిగెను. "సరే, వడ్రంగిని పిలుస్తా. ముందు నువ్వు బయటికి రా తల్లీ."

"వద్దు మావయ్యా! ఫారం నింపేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. బల్ల అటు జరిగిందంటే అర్హత పోతుంది!"

ఇట్లు ఆ వీరాంగన యాచించుటకు యోగ్యతను భుజబలమున గెలిచి, పొయ్యిగట్టుపై సింహాసనాసీనయై, కలము మూత తీసెను. ఇచ్చుట వారి చిత్తము. జయము! జయము! అడుగవచ్చును!