కిటికీ కొలత

ఆ రోజు పొద్దున కర్టెన్ల టైలరు పెట్టుకున్న పని చిన్నదే. కొట్లో కంప్యూటరుకు మెమరీలు ఎక్కువున్న కాలిక్యులేటర్ ప్రోగ్రాం ఒకటి ఎంచుకోవాలి. పాతదానికి ఉన్నది ఒకే మెమరీ. అందులో ఆయన భార్య దాచిన అంకె ఉంది. కొట్లో లెక్కలన్నీ ఆవిడే చూసేది. మాటామాటా పెరిగి పుట్టింటికి వెళ్ళిపోతూ, ఏదో లెక్క వేసి ఆ అంకెను అక్కడే వదిలేసింది.

ప్రోగ్రాం మూస్తే అంకె పోతుందని టైలరు కంప్యూటరు ఆపడం మానేశాడు. తీసి చూద్దామంటే పక్కనే చెరిపే బటను. వేలు జారితే అంతే సంగతులు. అంకె ఉందని తెర మూలన వెలిగే చిన్న గుర్తును చూసుకుంటూ ఆవిడ కోసం బెంగపడేవాడు. కొత్త అంకె దాస్తే పాతది పోతుంది కనుక దాన్ని ముట్టుకోకుండా లెక్కలన్నీ నోటితోనే కానిచ్చాడు. పళ్ళ డాక్టరు కర్టెన్లు పొట్టివయ్యాయి. డాన్సు స్కూలువి నేలమీద జీరాడితే, డాన్సు మాస్టారు కాలు చిక్కుకుని బోర్లాపడ్డాడు.

సాయానికి బావమరిది వచ్చాడు. అతను చూపించిన ఒక ప్రోగ్రాంలో వరసగా మెమరీలున్నాయి. ఇంకొకటి చేసిన లెక్కలన్నీ చూపిస్తుంది. మరొకటి మూసి తెరిచినా ఏదీ మరిచిపోదు. టైలరు మనసు దానిమీద పడింది. ఆయన టీ తెచ్చేలోగా బావమరిది దాన్ని ఎక్కించి, పాతది పీకేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు.

టీతో వచ్చిన టైలరు అది చూసి, అంకె పోయిందని లబోదిబోమన్నాడు. సంగతి విన్న బావమరిది నాలిక కరుచుకుని, అక్కకు ఫోను కలిపి ఆయన చేతికిచ్చాడు.

"నువ్వు దాచిన అంకె పోయింది," అన్నాడు టైలరు. "అదేమిటో కాస్త చెబుతావా?"

"ఇన్నాళ్ళూ చూడనే లేదా?"

"చూడబోతే చెరిగిపోతుందేమోనని... నువ్వు లేకపోతే నాకేం తోచడం లేదు."



"మన పడకగది కిటికీ కొలతండీ అది. ఊరందరికీ కుట్టి, మన కిటికీకి గుడ్డముక్క కట్టలేదనే కదా నేను అలిగింది? సరే, రేపొస్తాను."

టైలరు అప్పుడే కొట్టు మూసి ఇంటికి పరుగెత్తాడు. కిటికీ కొలిచాడు, అలవాటు కొద్దీ నోటితోనే లెక్క కట్టాడు, కుట్టి తగిలించాడు.

మర్నాడు ఆవిడ చేతిసంచీతోనే పడకగదిలోకి వచ్చి కిటికీ వంక చూసింది. కర్టెను జానెడు పొట్టి.

"ఇది సరిచేసేదాకా నేను ఇక్కణ్ణించి కదలను," అని సంచీ కింద పెట్టింది.

ఆ కర్టెను ఇప్పటికీ జానెడు పొట్టిగానే ఉంది.