ఏడో నంబరు ఎర్రర్

కల్లూరులో బోరు మోటార్ల స్టార్టర్లు చేసే చిన్న కంపెనీలో నిస్సీ ఉద్యోగం ఖాయం కావాలంటే ఆ రోజు ఒక్క పని చాలు. సీనియర్ అరుణ్ కుమార్ సి అనే కంప్యూటర్ భాషలో రాసిన స్టార్టర్ల ప్రోగ్రాంలో ఎర్రర్ మెసేజ్‌లు సరిగా ఉన్నాయో లేదో చూసి, మధ్యాహ్నంలోగా ఓనరు వసంతకుమార్‌కు రిపోర్టు ఇవ్వాలి. ఇదెంత పని అని ఇడ్లీ తింటూనే తేల్చేసుకుంది.

మోటారు వేడెక్కితే రైతు ఫోనుకు "ఎర్రర్ 7" అని పోతుంది. నిస్సీకి ఒళ్లు మండింది.

"ఏడు అంటే ఎవరికి తెలుస్తాదన్నా?"

"స్టార్టరుతో ఇచ్చే బుక్కులో ఉండాది కదా," అన్నాడు అరుణ్ కుమార్.

"మా యమ్మ చేన్లో బుక్కు పట్టుకొని కూచుంటాదా?"

అది చెరిపేసి, "మోటారు కాలిపోతాండాది. చెయ్యి పెట్టొద్దు. మనుషుల్ని పిలువు" అని రాసింది. పరీక్షకు అమ్మ విశ్వాసమ్మ నంబరిచ్చి, ప్రోగ్రాం నడిపించి, టీకి పోయింది. మెసేజ్ పంపాక ప్రోగ్రాం ఆగుతుందో లేదో చూడనే లేదు. టీ తాగి వచ్చేలోగా అది నలభై ఒక్కసారి పంపింది.

విశ్వాసమ్మ చేనుకు పరుగెత్తి దూరం నుంచే చూసింది. నీళ్లు ధారగా పడుతున్నాయి. మెసేజ్ కింద కూతురి కంపెనీ పేరుంది. అయితే కాలేది ఆ కంపెనీయే. వాళ్ల చర్చిలో కష్టమొస్తే ఒకరు ఇద్దరికి చెప్పాలి, ఆ ఇద్దరు మరో నలుగురికి. జవాబొచ్చిందని మొదటి మనిషి చెప్పేదాకా ప్రార్థన ఆపకూడదు. ఆమె ఫోను తీసింది.

పదకొండింటికి కంపెనీ ముందు మూడు ఆటోలు ఆగాయి. నీళ్ల బిందెలతో, తడి గోనెసంచులతో ఇరవై ఇద్దరు దిగారు.

"యాడ కాలుతాండాది?" అంది విశ్వాసమ్మ.

"యాడా లేదుమా. పరీక్షకు పంపినా," అంది నిస్సీ. వెనక వసంతకుమార్ నిలబడి ఉన్నాడు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇంతమంది ఎందుకొచ్చినారమ్మా?" అన్నాడాయన.

"పిలువు పిలువు అని అన్నిసార్లు చెప్తే పిలవకుండా ఉంటామాప్పా?"

"ముందెప్పుడన్నా మెసేజ్ వచ్చిండాదా?"

"పోయిన ఎండాకాలం ఏడు అని ఏందో వచ్చె. లాటరీ వాళ్లేమో అని తుడిచేస్తి. మూడో దినం మోటారు కాలిపాయ."

"మాదీ అంతే," అంది ఆటోలో వచ్చిన కృపమణి గోనెసంచి దించి. వెనక ఇంకో ఐదుగురు చేతులెత్తారు. అరుణ్ కుమార్ నేలచూపులు చూశాడు.

రిపోర్టులో మొదటి ప్రశ్న, మెసేజ్ రైతుకు అర్థమవుతుందా అని. వసంతకుమార్ దాని ఎదురుగా "శానా" అని రాశాడు. రెండోది, పంపాక ప్రోగ్రాం ఆగుతుందా అని. అక్కడ పెన్ను ఆపి నిస్సీ వైపు చూశాడు. ఆమె పరుగున పోయి ఒక్క లైను చేర్చింది. ఆయన సంతకం పెట్టాడు, ఉద్యోగం ఖాయమైంది.

ఆ సంబరంలో జవాబొచ్చిందని చెప్పడం విశ్వాసమ్మ మరిచిపోయింది. ప్రోగ్రాం ఒక్క లైనుతో ఆగింది గానీ, మంటలు ఆరాలనే ప్రార్థన సాయంత్రానికి ఎక్కడో దూరాన ఉన్న రాజంపేట దాకా చేరింది.