గ్లోబల్ కారం మిల్లు

ఆ రోజు పొద్దున శ్రీపాల్ వేసుకున్న పథకం చిన్నదే. హాలెండ్ నుంచి హాన్స్ అనే పెద్దమనిషి వస్తాడు, కారం మిల్లు చూస్తాడు, ఆర్డరు ఇచ్చి పోతాడు. ఆర్డరు వస్తే మిల్లు పెత్తనమంతా అల్లుడిదేనని మామ ఎల్లయ్య నలుగురిలో మాటిచ్చాడు. రాకపోతే శ్రీపాల్ మళ్లీ గేటు పక్కన కాంటా మీద మిరప బస్తాలు తూచుకుంటూ కూర్చోవాలి. ఆ తలంపుకే అతనికి ఒళ్లు మండేది.

మహబూబాబాద్ శివారులోని ఆ మిల్లు కారం విదేశాలకు వెళ్లింది ఒక్కసారే, అదీ దుబాయ్ పోయే ఎవరి సూట్‌కేసులోనో బట్టల మధ్యన. ఆ మాత్రానికే శ్రీపాల్ బోర్డు మీద ‘గ్లోబల్’ అని రాయించాడు. హైదరాబాదులో ఏసీ హోటల్లో ప్రపంచ స్థాయి వ్యాపార నిర్వహణ గురించి శిక్షణకు కూడా వెళ్లివచ్చాడు. జన్మలో గుప్పెడు మిరపకాయలు అమ్మి ఎరగని ఒక టై కట్టిన గురువు, పెద్ద పెద్ద కంపెనీల్లో ఎక్కువ తక్కువలు ఉండవనీ, అందరూ అందరినీ పేరుపెట్టే పిలుచుకుంటారనీ అక్కడ బోధించాడు. మిగతా సూత్రాలు బిర్యానీ తర్వాత చెప్పారు కనుక శ్రీపాల్ వాటిని కునుకులో విన్నాడు. ఈ ఒక్కటి మాత్రం తలకెక్కించుకుని వచ్చాడు. ఎక్కింది ఇక దిగలేదు.

పనివాళ్లందరినీ నిలబెట్టి ఆజ్ఞ జారీ చేశాడు.

“ఇయ్యాల్టి సంది అన్న, అక్క, బాపు, మామ ఏం లేవు. ఎవలనైనా పేరుపెట్టే పిలువాలె. వరుస పెట్టి పిలిచినోళ్లు రేపు పనికి రావద్దు.”

ముసలి పోశమ్మ నిన్నేమని పిలవాలని అడిగింది. ‘శ్రీపాల్’ అని పిలవమన్నాడు. పోశమ్మ నేల చూపులు చూసి, ఆ పొద్దంతా అతన్ని ఏమనీ పిలవకుండా కాలం గడిపింది. అతిథి కంటికి వాకిలి శుభ్రంగా కనబడాలని, తొడిమలు తీసి ఆరబోసిన తడి మిరపను కూడా ఎత్తించి, శ్రీపాల్ లోపల మర పక్కన పెట్టించాడు. ఎండిన బస్తాలూ అక్కడే ఉన్నాయి. ఏ బస్తా ఏదో చెప్పేవాళ్లు ఉండాలి కదా అన్న ఆలోచన అతనికి రాలేదు. అది శిక్షణలో లేదు.

మర నడిపేది తండా నుంచి వచ్చే వాల్యా. మోతకు చెవుల మీదుగా తువ్వాల చుట్టుకుని, అందరికీ వీపు పెట్టి నిలబడతాడు. తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్ద దిక్కు అతని భార్య సోమ్లీ. ఏ బస్తా పోయాలో, ఏది ఆపాలో రోజూ ఆమే కేకేస్తుంది. “గణేశ్ బాపూ” అని కొడుకు పేరు మీద పిలిస్తే చాలు, ఎంత మోతలోనైనా వాల్యా తిరిగి చూస్తాడు.

హాన్స్ కారు గేటులోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే వాల్యా తడి బస్తా భుజానికెత్తుకోవడం సోమ్లీ చూసింది. బాపు అన్న మాట నిషేధం. మొగుడి పేరు ఆమె పెళ్లయిన నాటి నుంచి పలకలేదు. “ఓ, ఇటు సూడు” అని అరిచింది. మిల్లులో ఉన్న ప్రతి మగాడూ తిరిగి చూశాడు, వాల్యా తప్ప. సోమ్లీ కంగారుగా కోడలు సుజాతను పొడిచి, నువ్వు పిలవమంది.

“మామ పేరు నా నోట ఎట్లొస్తదత్తా?”

ఆ ‘అత్తా’ శ్రీపాల్ చెవిన పడింది. బస్తా సంగతి వదిలేసి, సుజాత మీదికి వెళ్లి, సమానత్వం అంటే ఏమిటో ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఉపన్యాసం సగంలో ఉండగా తడి మిరప మరలో పడింది. మర మూలిగింది, మోటారు పొగలు కక్కింది, పొడి పట్టే గుడ్డ సంచి ఫట్టుమని చినిగింది. లోపలికి అడుగుపెట్టిన హాన్స్‌కు ఎర్రటి దుమారం ఎదురొచ్చింది. దుబాసీగా వచ్చిన శ్వేత నమస్కారం పెట్టబోయి తుమ్మింది. తర్వాత అందరూ తుమ్మారు.

మెయిన్ స్విచ్ బయట ఎల్లయ్య కుర్చీ పక్కనే ఉంది. శ్రీపాల్‌కు ‘మామా’ అన్న మాట గొంతు దాకా వచ్చింది. పక్కనే హాలెండ్ వాడున్నాడు. మింగేశాడు.

“ఎల్లయ్యా, మెయిన్ బంద్ చెయ్యి.”

ఎల్లయ్యను అలా పిలిచే పెద్దవాళ్లు చనిపోయి చాలా ఏళ్లయింది. మండలాఫీసులో కూడా పటేలా అంటారు. ఆయన స్విచ్ సంగతి మరిచి, కర్ర పట్టుకుని, “ఎవడ్రా వాడు?” అంటూ దుమారంలోకే నడిచి వచ్చాడు. అల్లుడు హాన్స్ వెనక్కి జరిగాడు.

అప్పుడు ప్యాకింగ్ గదిలో నుంచి శ్రీపాల్ భార్య సౌందర్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

“బాపూ, జర మెయిన్ బంద్ చెయ్యి. వాల్యా మామా, బస్తా గుంజు. సోమ్లీ అత్తా, అందరిని బయటికి తోల్కపో.”

తండ్రి వెనక్కి వెళ్లి స్విచ్ ఆపాడు, వాల్యా బస్తా గుంజాడు, మిల్లు ఖాళీ అయింది. శ్రీపాల్ ఒక్కడే దుమారం మధ్యలో తుమ్ముతూ మిగిలాడు.

వాకిట్లో హాన్స్ కన్నీళ్లు కారుస్తూ శ్వేతతో చాలాసేపు మాట్లాడాడు. అంతా అయిపోయిందని, తెల్లారితే కాంటాయేనని శ్రీపాల్ అనుకున్నాడు. శ్వేత తెలుగులో చెప్పింది: తిరిగిన అన్ని మిల్లుల్లోనూ ఈయనకు రంగు పొడి చూపించారట, అసలైన ఘాటు ఇక్కడే దొరికిందట, ఆర్డరు ఇస్తున్నాడట. శ్రీపాల్ టై సర్దుకుని చెయ్యి చాచాడు. హాన్స్ ఆ చెయ్యి దాటి వెళ్లి సౌందర్యకు నమస్కారం పెట్టాడు. మిల్లు నడిపే మనిషి ఎవరో తాను చూశానని, ఇక మీదట ఆమెతోనే మాట్లాడతానని చెప్పించాడు.

ఎల్లయ్య అక్కడికక్కడే తాళాలు కూతురి చేతిలో పెట్టాడు. అల్లుడికేసి చూడను కూడా లేదు.

శ్రీపాల్ ఇప్పుడు కాంటా దగ్గర కూర్చుంటున్నాడు. బస్తా తెచ్చిన ప్రతి రైతుకూ, మిల్లులో తాను అధికార వికేంద్రీకరణ అమలు చేశానని వివరిస్తున్నాడు.