ధర్మవరం కుక్కకు జర్మనీ పన్ను

ఆ మంగళవారం పొద్దున కేశవ పెట్టుకున్న పని ఒక్కటే. కొత్తచెరువు పెళ్లివాళ్ల పట్టుచీరకు కొంగు నేసి ముగించి, సాయంత్రం బస్సులో తీసుకెళ్లి ఇచ్చి రావడం. ధర్మవరంలో ముప్పై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్న మనిషికి అదో లెక్క కాదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టాడో లేదో, పోస్టుమాన్ వచ్చి ఒక పొడవాటి కవరు చేతిలో పెట్టాడు. దాని మీద జర్మనీ స్టాంపు ఉంది.

రెండేళ్ల కిందట అక్కడి మ్యూజియం ఒకటి, పట్టుచీర ఎలా నేస్తారో జనానికి చూపించడానికి కేశవను, ఆయన భార్య రామాంజినమ్మను ఎనిమిది నెలలు పిలిపించుకుంది. కేశవ నేసేవాడు, ఆమె దారం కండెలు చుట్టేది. ఆ ఎనిమిది నెలల్లో కేశవ నేర్చిన జర్మన్ నమస్కారం దగ్గరే ఆగిపోయింది. రామాంజినమ్మ మాత్రం కింది ఇంటి ముసలామెతో రోజూ కూరగాయలకు పోయి, బేరమాడేంత భాష పట్టేసింది. ఈ సంగతి కేశవ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

ఉత్తరాన్ని సెల్‌ఫోనుతో ఫోటో తీసి తెలుగులోకి మార్చమన్నాడు. ఫోను చెప్పింది ఇంతే: "రామాంజినమ్మ. కేశవ. కుక్క. పన్ను చెల్లించలేదు. వెంటనే చెల్లించవలెను."

ఆ దేశంలో కుక్కను పెంచుకునేవాళ్లు మునిసిపాలిటీకి పన్ను కట్టాలని కేశవ విని ఉన్నాడు. కానీ వాళ్లు అక్కడ కుక్కను కాదు కదా, కోడిని కూడా పెంచలేదు. కాసేపు జుట్టు పీక్కున్నాక అసలు విషయం గుర్తొచ్చింది. విమానం దిగిన మర్నాడు మునిసిపాలిటీ ఆఫీసులో ఒక కాగితాల కట్ట ఇచ్చారు. ఎవరినైనా అడిగి రాద్దామని రామాంజినమ్మ అంటే, ఫారాలు నింపడం తనకు తెలియదా అని కసిరి, ఖాళీ కనబడిన చోటల్లా ఇద్దరి పేర్లూ వయసులూ, ఆడా మగా, ఒంటి రంగూ ఇంగ్లీషులో రాసి సంతకాలు గీకేశాడు. అందులో కుక్క ఫారం కూడా ఉండి ఉండాలి.

ఇద్దరిలో యజమాని ఎవరో, కుక్క ఎవరో ఫోను తేల్చి చెప్పలేదు. కేశవకు ఆ అనుమానమే రాలేదు. కట్టుకున్న ఆడదాన్ని పరాయి దేశంలో కుక్కగా రాసిచ్చి వచ్చానే అనుకుని, ఉత్తరాన్ని మడిచి జేబులో దాచాడు.

"ఎవురు రాసినారు?" అని రామాంజినమ్మ వంటింట్లోంచి అడిగింది.

"మ్యూజియమోళ్లు. బాగుండారా అని అడుగుతాండారు" అన్నాడు.

పెళ్లివాళ్లను నాలుగు రోజులు ఆగమని, కొంగు సంగతి పక్కన పెట్టి, ఫోను సాయంతోనే ఆ ఆఫీసుకు ఈమెయిలు పంపాడు. రామాంజినమ్మ ఇప్పుడు మీ ఊళ్లో లేదు, నాతో పాటు ధర్మవరంలో ఆరోగ్యంగా ఉంది, ఎవరినీ కరవలేదు, దయచేసి పన్ను తీసేయండి అని వేడుకున్నాడు. మూడో రోజు జవాబు వచ్చింది. రామాంజినమ్మ అనే కుక్క సంగతి తెలిపినందుకు ధన్యవాదాలట. దాన్ని రెండో కుక్కగా నమోదు చేశారట. రెండో కుక్కకు పన్ను ఎక్కువట.

పేరు మళ్లీ రాసినందువల్ల ఒక రామాంజినమ్మను ఇద్దరిని చేశారనుకున్నాడు కేశవ. ఒక్కతే అని మళ్లీ రాశాడు. అయితే ఊరు విడిచిన కుక్క ఎక్కడుందో, లేదా ఎప్పుడు చచ్చిపోయిందో పశువుల డాక్టరు సర్టిఫికెట్ పంపమన్నారు. కేశవ తిండి సగమైంది. భార్య మొహం చూడలేక గోడ వైపు తిరిగి తినసాగాడు. బతికున్న కుక్కను చూపించలేడు గనుక, చంపడమే మేలనుకుని శనివారం పొద్దున్నే పశువుల ఆస్పత్రికి పోయాడు.

డాక్టరు దివాకర్ కాగితం ముందుకు లాక్కుని, "కుక్క యాడప్పా?" అన్నాడు.

"సచ్చిపాయ సార్."

"పేరు?"

కేశవ కిటికీ వైపు చూశాడు. "రామాంజినమ్మ."

డాక్టరు కలం ఆపాడు. "మీ ఇంట్లో ఆమె పేరూ అదే గదా?"

"ప్రేమ కొద్దీ పెట్టుకున్యాం సార్."

చూడని కుక్కకు సర్టిఫికెట్ ఇవ్వలేనని, కనీసం పూడ్చిన చోటైనా చూపించమని డాక్టరు పంపేశాడు. లేని కుక్కకు గుంత ఎక్కడ తవ్వాలా అని ఆలోచిస్తూ కేశవ టీ కొట్టు దగ్గర గంటసేపు కూలబడ్డాడు.

ఆ గంట చాలు. డాక్టరు గది బయట మందుసీసాలు సర్దుతున్న అటెండరు ఆంజినప్పది కేశవ వాళ్ల వీధే. గోడ చాటున అతని చెవిన పడినవి రెండే ముక్కలు: రామాంజినమ్మ చచ్చిపోయింది, పూడ్చేశారు. మనిషి లబలబలాడుతూ వీధిలో అందరికీ ఫోన్లు చేశాడు. కేశవ ఇల్లు చేరేసరికి వాకిట్లో షామియానా లేచింది. కొత్తచెరువు నుంచి రామాంజినమ్మ అక్క సుంకమ్మ ఆటోలో ఏడుస్తూ వచ్చి, ఇప్పుడు వెక్కిళ్లు ఆగక నీళ్లు తాగుతోంది. ఆ నీళ్లు ఇచ్చిన మనిషి రామాంజినమ్మే. ఆంజినప్ప తెచ్చిన గులాబీ దండ ఒళ్లో పెట్టుకుని, షామియానా కింద కుర్చీలో కూర్చుని ఉంది.

"రా" అంది మొగుణ్ణి చూసి. "నన్ను యాడ పూడ్చినావో చూపించు. నేనూ చూస్తా."

కేశవ అక్కడికక్కడే చతికిలబడి, ఫారం దగ్గర్నుంచి సర్టిఫికెట్ దాకా మొత్తం కక్కేశాడు. వీధి వీధంతా గమ్మున వింది. సుంకమ్మ మాత్రం, ఏ జాతి కుక్క అని రాశావని అడిగింది.

రామాంజినమ్మ మొగుడి చేతిలోంచి ఫోను తీసుకుని, ఉత్తరం మీదున్న నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, అక్కడ పొద్దున ఆఫీసులు తెరిచే వేళ. కానీ శనివారం, ఎవరూ ఎత్తలేదు. సోమవారం అదే వేళకు మళ్లీ చేస్తుందని తెలిసి, వీధి జనం పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు. అవతల ఒకామె ఎత్తింది. రామాంజినమ్మ జర్మన్‌లో గడగడా మాట్లాడుతుంటే ఆంజినప్ప నోరు తెరిచాడు. అవతలామె పాత ఫారం వెతికి తీసి చదవసాగింది. రామాంజినమ్మ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

"యజమాని, రామాంజినమ్మ."

కేశవ తలెత్తాడు.

"కుక్క పేరు, కేశవ. మొగది. రంగు నలుపు. వయసు యాభై రెండు. నెలలనుకున్యారంట." ఇంకాస్త విని, "కింద కుక్క సంతకం గూడా ఉండాదంట. ఇట్లా చదువొచ్చిన కుక్కను యాడా చూడలేదంట" అంది.

షామియానా గుంజలు ఊగేలా నవ్వారు జనం. ఫోనులో ఆమె నవ్వు కూడా ఆగలేదు. ఆ నవ్వులోనే రెండు కుక్కల పేర్లూ కొట్టేసి, పన్ను రద్దు చేస్తున్నామని చెప్పింది.

అందరూ వెళ్లాక రామాంజినమ్మ కంచంలో అన్నం వడ్డించింది. "నన్ను కుక్కని చేసినానని ఇన్ని దినాలు తిండి మానుకున్యావా?" అని అడిగింది.

"ఊఁ."

"కుక్కవు నువ్వేనని తెలిసుంటే?"

"బాగా తినుందును" అన్నాడు కేశవ. ఆమె ఇంకో గరిటె వేసింది.

పది రోజులకు రద్దు కాగితం వచ్చింది. అలవాటు కొద్దీ కేశవ కలం తీశాడు గానీ, కాగితం కింద యజమాని సంతకం కావాలని ఉంది. రామాంజినమ్మే పెట్టింది.