పోచమ్మ అడిగిన చీర

శ్రావణమాసపు ముసురు పట్టిన ఆ పొద్దున కమలవ్వ పెట్టుకున్న పని చాలా చిన్నది. కరెంటు పోకముందే కొడుకు దేవదాస్ మగ్గాలకు నూలు కండెలు చుట్టిపెట్టాలి, ఆదివారం పోచమ్మ బోనానికి బియ్యం ఏరుకోవాలి. అంతే. కరీంనగర్ దిక్కున ఉన్న ఆ చిన్న ఊళ్లో మరమగ్గాలను సాంచెలంటారు. పదకొండో వార్డులో ఇంటికి రెండు చొప్పున అవి ఎప్పుడూ తడతడమంటూనే ఉంటాయి. ఆ చప్పుడులో హాయిగా పడుకున్న కమలవ్వకు తెల్లవారుజామున ఒక కల వచ్చింది.

కలలో అంతా మంచు. మంచో, సాంచెల మీంచి లేచిన నూలుధూళో తెలియదు. ఆ మసకలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చేతిలో వేపకొమ్మ. ఒంటి మీద పచ్చచీర, నీళ్లలోంచి చూస్తున్నట్టు మెల్లగా కదులుతోంది. ముఖం మాత్రం కంటికి ఆనలేదు. "నా చీరేది?" అని అడిగింది. కోపంగా కాదు, అడగలేక అడిగినట్టు. జవాబు చెప్పబోయేసరికి కమలవ్వకు మెలకువ వచ్చింది.

నల్లా దగ్గర బిందె నిండేలోపు ఆ కలను పక్కింటి అనసూర్యకు చెప్పింది. చూడటానికి పోచమ్మ తీరుగ అనిపించిందని కూడా అన్నది. అక్కడి నుంచి అనసూర్య ఇంటికి నాలుగు గడపలు దాటాలి. మొదటి గడప దగ్గర కమలవ్వ కలలోకి పోచమ్మ తీరుగ ఎవరో వచ్చారు. రెండో గడప దగ్గర 'తీరుగ' రాలిపోయి పోచమ్మే వచ్చింది. మూడో గడప దగ్గర అమ్మ పచ్చచీర కావాలన్నది. నాలుగో గడప దాటేసరికి, ఆదివారంలోగా కట్టకపోతే వార్డు సంగతి చూస్తానన్నది.

మరే నెలలోనైనా అయితే ఆడవాళ్లు ఒక చీర కొని కట్టి దండం పెట్టుకునేవాళ్లు. కానీ మున్సిపల్ ఎన్నికలు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పోటీలో ఉన్నవాళ్లు ఇద్దరు. అరవై దాటిన రైసుమిల్లు లక్ష్మణ్‌రావు ఒకరు, ప్లాట్లు అమ్మే కుర్రవాడు విక్రాంత్ ఇంకొకడు. ఇద్దరికీ ఏ పార్టీ టికెట్టూ దొరకలేదు. అయినా కండువా లేనిదే మనిషి నాయకుడిలా కనబడడు కనుక తలా ఒక రంగు ఎంచుకున్నారు. లక్ష్మణ్‌రావుది పచ్చ. విక్రాంత్‌ది సింధూరం.

ఎనిమిది గంటలకల్లా లక్ష్మణ్‌రావు కొబ్బరికాయతో, మైకు కట్టిన ఆటోతో కమలవ్వ గడపలో దిగాడు. ముప్పై ఏళ్ల రాజకీయంలో ఆయనకు మనుషుల మద్దతే సరిగ్గా దొరకలేదు, ఇప్పుడు ఏకంగా అమ్మవారిది దొరికింది. కమలవ్వను వచ్చి మైకులో ఒక్క మాట చెప్పమని బతిమాలాడు. కండెలు చుట్టాలని ఆమె అన్నది. దాంతో ఆయనే ఆటో ఎక్కి, అమ్మ తన రంగు తాను చెప్పిందనీ ఇక ఓటర్లు చెప్పడమే మిగిలిందనీ వాడవాడలా చాటుకుంటూ పోయాడు.

పది గంటలకు విక్రాంత్ వచ్చాడు. అతని వెంట ఇరవై బండ్లు వచ్చాయి కానీ, అతని ముఖం మాత్రం నిజంగానే నొచ్చుకున్నట్టు ఉంది.

"పచ్చ మన దేశం రంగు గాదవ్వా. మన అమ్మ గా రంగు అడుగది. నీతోని ఎవలో చెప్పిచ్చిండ్రు."

"వేపాకు ఏ దేశందో బిడ్డా?" అని కమలవ్వ అడిగింది. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా తెలుసుకుందామనే.

సాంచె దగ్గర తెగిన పోగు ముడివేస్తున్న దేవదాస్ తలెత్తకుండానే, పోయిన పంద్రాగస్టుకు జెండాల బట్ట ఈ సాంచెల మీదే నేసిపంపామనీ, కింద పచ్చ లేకపోతే ఎవరైనా తీసుకునేవారా అనీ అన్నాడు. విక్రాంత్ ఆ పచ్చ వేరు, ఈ పచ్చ వేరు అన్నాడు. అట్లా మధ్యాహ్నానికల్లా ఊళ్లో పచ్చ రెండుగా చీలిపోయింది. ఏది ఎవరిదో తేల్చడానికి హోటలు దగ్గర జనం పోగయ్యారు.

తేలలేదు గానీ, మాట పోయిపోయి యాకూబ్ మీద పడింది. వాడ చివర నూలుకు రంగులు వేసేది అతనే. ఇరవై ఏళ్లుగా, కమలవ్వ ఇంట్లో నేసే పోచమ్మ చీర నూలు అతని కాగులోనే మునిగి తేలుతోంది. ఏటా శ్రావణంలో "ఈయేడు అమ్మకు ఏం రంగవ్వా?" అని అడుగుతాడు, నోటికి ఏది వస్తే అది కమలవ్వ చెబుతుంది. మొహర్రంలో పీరీల పండుగకు కమలవ్వ బెల్లం షర్బత్ తీసుకుపోతే, మొదటి గ్లాసు అతనే తాగుతాడు. అమ్మ చీర అతని చేతుల మీదుగా ఎందుకు రావాలని హోటలు దగ్గర ఒకరన్నారు. అసలు ఆ కల వెనక ఎవరున్నారో చూడాలని మరొకరన్నారు. యాకూబ్ ఎవరితోనూ వాదించలేదు. కాగు కింద పొయ్యి ఆర్పి షట్టరు దించేశాడు.

కమలవ్వ కండెల బుట్ట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చినప్పుడు, సన్నని వానలో అతను నూలు ఆరేసే వెదురు దండేలు కనబడ్డాయి. వాటి మీద ఒక్క నూలు చిలప కూడా లేదు. పోచమ్మ వారంలో ఆ దండేలు ఖాళీగా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. నేరుగా హోటలు దగ్గరికి నడిచింది. అప్పటికి ఇద్దరు అభ్యర్థులూ అక్కడే ఉన్నారు.

"కల నాది. పంచాయితి మీది. నడుమ యాకూబ్ ఏం జేసిండు?" అన్నది.

తాను ముఖమే చూడలేదనీ, పోచమ్మ అవునో కాదో కూడా తనకు తెలియదనీ ఆమె అందరి ముందూ ఒప్పుకుంది. ఎన్నికలు మొదలయ్యాక ఇద్దరు అభ్యర్థులకూ ఒక మాట కుదరడం అప్పుడే. కమలవ్వ మళ్లీ పడుకోవాలి, మళ్లీ చూడాలి, ఈసారి అడిగి తెలుసుకోవాలి. వచ్చింది ఎవరో తేలితేనే యాకూబ్ జోలికి ఎవరూ పోరంటే కమలవ్వ సరేనంది.

భోజనాలయ్యాక దేవదాస్ సాంచెల కొట్టంలో నులకమంచం వేశారు. అవ్వకు నిద్రాభంగం కాకూడదని లక్ష్మణ్‌రావు మనిషిని పంపి వార్డంతా సాంచెలు ఆపించాడు. మంచానికి ఎడమపక్క ఆయన పచ్చచీర మడత ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుడిపక్క విక్రాంత్ సింధూరపు చీరతో కూర్చున్నాడు. గుమ్మంలో, అరుగుల మీద, గోనెసంచులు కప్పుకుని వాకిట్లో, వార్డు వార్డంతా ఊపిరి బిగబట్టి ఒక ముసలామె నిద్ర కోసం ఎదురుచూసింది.

కమలవ్వకు నిద్ర రాలేదు. నలభై ఏళ్లలో, కరెంటు పోయినప్పుడు కూడా, ఆ వాడ అంత మౌనంగా ఎప్పుడూ లేదు. రేకుల మీద కాకి నడిచిన గీరుడు వినబడింది. ఎవరి కడుపులోనో గుడగుడమన్నది వినబడింది. లక్ష్మణ్‌రావు చేతి గడియారం కూడా వినబడింది. అరగంట గడిచింది. ఆమె కళ్లు దూలాన్ని చూస్తూ అట్లాగే ఉన్నాయి. తల్లిని చూసిన దేవదాస్‌కు అప్పుడు వెలిగింది. లేచివెళ్లి స్విచ్చి వేశాడు.

ఒక సాంచె కదిలింది. పక్కింట్లో ఇంకోటి అందుకుంది. వాడ పొడుగునా ఒకదాని వెనక ఒకటి తడతడమంటూ మేలుకున్నాయి. వాన వాటికి శ్రుతి కలిపింది. నూలుధూళి గాలిలో తేలుతూ దిగి కమలవ్వ రెప్పల మీద, లక్ష్మణ్‌రావు మీసాల మీద, విక్రాంత్ జుట్టు మీద వాలింది. కమలవ్వ కళ్లు మూతపడ్డాయి. కాసేపటికి లక్ష్మణ్‌రావు తల పక్కకు ఒరిగింది. విక్రాంత్ గోడకు చేరగిలబడ్డాడు. గుమ్మంలో వాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. చివరికి మైకు ఆటో డ్రైవరు కూడా స్టీరింగు మీద తల వాల్చాడు. మగ్గాలు తమంతట తామే నేసుకుంటున్నట్టు, పదకొండో వార్డు మొత్తం పట్టపగలు నిద్రలో తేలిపోయింది.

మళ్లీ మంచు. మళ్లీ ఆ పచ్చచీర. ఈసారి ఆమె దగ్గరగా వచ్చింది, వేపకొమ్మ విరిచి పుల్ల నోట్లో పెట్టుకుని నములుతూ నిలబడింది. దేవతలు పళ్లు తోముకుంటారని కమలవ్వ ఎక్కడా వినలేదు. కళ్లు చిట్లించి ముఖం చూసింది. చూడగానే లేచి కూర్చుంది.

ఆ కదలికకు ఇద్దరు అభ్యర్థులూ ఉలిక్కిపడి మేలుకుని, తాము అసలు పడుకోనట్టు సర్దుకున్నారు. కమలవ్వ వాళ్లను చూడలేదు. గుమ్మం దగ్గర కళ్లు నులుముకుంటున్న అనసూర్యను చూసింది.

"అడిగింది పోచమ్మ గాదు. మన అనసూర్య."

నిరుడు తన చెల్లెలి బిడ్డ పెండ్లికని అనసూర్య దగ్గర పచ్చ పట్టుచీర అడిగి తెచ్చుకున్న సంగతి, కట్టి మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచి మరిచిపోయిన సంగతి కమలవ్వ దాచకుండా చెప్పింది. అనసూర్య తల వంచుకుంది.

"నీకు యాది లేదేమో అనుకున్న వదినా. అడుగుదామంటె నోరు రాలే" అన్నది.

పొద్దున్నుంచి నాలుగు గడపలకూ అమ్మ ఆజ్ఞ మోసుకుపోయిన మనిషి తన చీర సంగతే మోసుకుపోయిందని అందరికీ అర్థమవడానికి కొంత సమయం పట్టింది. మొదట దేవదాస్ నవ్వాడు. ఆ నవ్వు గుమ్మం దాటి అరుగుల మీదికి, వాకిట్లోకి పాకింది. లక్ష్మణ్‌రావు మెల్లగా లేచి, మైకు తీగ చుట్టి లోపల పెట్టమని డ్రైవరుకు చెప్పాడు.

కమలవ్వ నవ్వలేదు. చెంగు తలమీద కప్పుకుని వానలోకి దిగి యాకూబ్ షెడ్డు వైపు నడిచింది. వెనక ఎవరో గొడుగు పట్టారు. చూస్తే విక్రాంత్.

కొంతదూరం నడిచాక, "నాగ్గూడ కల వచ్చిందవ్వా. మా అవ్వ కనవడ్డది. పోయి ఆరేండ్లయింది" అన్నాడు.

"ఏం చీర గట్టింది?"

అతను గొడుగును ఆమె వైపు ఇంకాస్త వంచి నాలుగు ఇళ్లు దాటించాడు.

"పచ్చది" అన్నాడు. తర్వాత, "యాడా చెప్పకు" అన్నాడు.

కమలవ్వ చెప్పనని తల ఊపి షట్టరు మీద తట్టింది. ఆదివారం దగ్గర పడిందని, పొయ్యి అంటించమని పిలిచింది. షట్టరు మోకాలెత్తు లేచింది. "ఏం రంగవ్వా?" అని యాకూబ్ గొంతు మామూలుగానే అడిగింది. కమలవ్వ విక్రాంత్ వైపు తిరిగింది. అతను కండువా తీసి మడిచి జేబులో పెట్టుకుని, నీ ఇష్టమవ్వా అన్నాడు.

ఆదివారం అనసూర్య తన పచ్చ పట్టుచీర కట్టుకుని బోనమెత్తింది. గుడి దగ్గరికి ఎవరి మొక్కు చీర వాళ్లు తెచ్చారు. యాకూబ్ వేసిన రంగుది ఒకటి, అభ్యర్థులవి చెరొకటి, ఇండ్లవాళ్లవి పదకొండు. పూజారి ఎవరినీ నొప్పించలేక అన్నీ అమ్మకు ఒకదాని మీద ఒకటి చుట్టాడు. లక్ష్మణ్‌రావు, విక్రాంత్ పక్కపక్కనే చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. అమ్మ అందరి చీరలూ కట్టుకుంది గానీ, ఓటెవరికో మాత్రం చెప్పలేదు.